న్యూజిలాండ్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ: మావోరీ మహిళల పోరాటానికి మనం రుణపడి ఉన్నాం

ఆక్లాండ్, హామిల్టన్, వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్ నగరాల్లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, తెలుగు బడులు నడుపుతున్న ఉపాధ్యాయులకు నమస్కారాలు.

ఏటా ఫిబ్రవరి 6న మనవాళ్లు క్రికెట్ పోటీలో, సముద్రతీరంలో వనభోజనాలో పెట్టుకోవడం ఆనవాయితీ అయింది. వేసవి రోజులు, పైగా ప్రభుత్వ సెలవు కాబట్టి అందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయితే 1840లో అదే రోజున బ్రిటిష్ రాచరిక ప్రతినిధికీ ఈ నేల మూలవాసులైన మావోరీ తెగల పెద్దలకూ మధ్య వైతాంగిలో మొదలైన ఒప్పందమే ఈ దేశంలో ప్రభుత్వం అనేది ఉండటానికి ఆధారమని, మన పాస్‌పోర్టుల్లోని వీసాల అధికారం మూలం వెతుక్కుంటూ వెళితే అది కూడా ఆ కాగితం దగ్గరికే చేరుతుందని మన సభల్లో ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఆ ఒప్పందాన్ని పాలకులు దశాబ్దాల తరబడి పక్కన పడేసినప్పుడు దాన్ని బతికించుకుంటూ వచ్చినవారిలో మావోరీ స్త్రీలు ముందు వరుసలో నిలిచారు. ఆ సంగతి మన పిల్లలకు తెలియదు, పెద్దల్లోనూ చాలామందికి తెలియదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

వైతాంగి ఒప్పందం మీద సుమారు 540 మంది సంతకాలు చేస్తే వారిలో కనీసం 13 మంది స్త్రీలు ఉన్నారు. ఎవరో పిలిస్తే వచ్చి వేలిముద్ర వేసి వెళ్లినవాళ్లు కారు వాళ్లు. రంగి తోపెయోరా తన తెగలో పేరుమోసిన నాయకురాలు, కవయిత్రి. కాహే తె రౌ-ఓ-తె-రంగి, శత్రువులు దాడికి వస్తున్నారని తన వాళ్లను హెచ్చరించడానికి కాపిటి దీవి నుంచి అవతలి ఒడ్డు దాకా కూతుర్ని వీపున కట్టుకొని సముద్రాన్ని ఈదిన మనిషి. ఇలాంటి స్త్రీలకు తెగ తరఫున మాట ఇచ్చే అధికారం ఉందని మావోరీలకు తెలుసు. ఒప్పందం పత్రాన్ని ఊరూరా తిప్పిన బ్రిటిష్ అధికారుల్లో కొందరు మాత్రం స్త్రీల సంతకాలను తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఏ విక్టోరియా రాణి పేరిట ఆ పత్రం రాసుకొచ్చారో ఆమె కూడా స్త్రీయే అన్న విషయం వారికి అడ్డు రాలేదు. ఆ తర్వాతి వందేళ్లలో జరిగిన అన్యాయంలో సగం ఈ చిన్న నిరాకరణలోనే ఉందని నా అభిప్రాయం. పాలకులు ఎప్పుడు వచ్చినా మగవాళ్లతోనే మాట్లాడారు, మగవాళ్ల పేరే రాసుకున్నారు, చివరికి మావోరీ సమాజంలో నాయకత్వం అంటే మగవాళ్లదే అన్నట్టుగా పరిస్థితిని మార్చేశారు.

భూమి విషయంలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మావోరీ ఆచారం ప్రకారం భూమి వంశ సమూహానిది. అందులో స్త్రీకి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ హక్కు వస్తుంది, పెళ్లయినంత మాత్రాన ఆ హక్కు భర్తకు పోదు. 1865 నాటి చట్టం కింద పనిచేసిన స్థానిక భూ న్యాయస్థానం ఈ ఉమ్మడి హక్కును ముక్కలు చేసి కొందరి పేర పట్టాలు రాసింది. మొదట్లో ఎంత పెద్ద భూమికైనా పది మందికి మించి యజమానులుగా రాయలేదు, మిగతా వందల మంది ఒక్క కలం పోటుతో తమ నేల మీదే పరాయివాళ్లయ్యారు. విచారణలు పట్టణాల్లో జరిగేవి. వంతు వచ్చేదాకా జనం వారాల తరబడి అక్కడే పడిగాపులు పడి, తిండికీ సర్వేలకూ వకీళ్లకూ అప్పులు చేసి, ఆ అప్పులు తీర్చడానికి గెలుచుకున్న భూమినే అమ్ముకునేవారు. దీనికి తోడు పెళ్లైన స్త్రీ ఆస్తిని భర్త చేతిలో పెట్టే ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం దిగుమతి అయింది. ఏజెన్సీలో గిరిజనుల భూములు ఎలా చేతులు మారాయో, 1/70 చట్టం ఎందుకు తేవలసి వచ్చిందో తెలిసిన మనకు ఈ కథ విడమరిచి చెప్పనక్కరలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోమని మనవి: మావోరీలకు కూడా బ్రిటిష్ ప్రజలందరిలాగే సమానమైన పట్టాలు ఇస్తున్నామన్న పేరుతోనే ఇదంతా జరిగింది.

ఆ రోజుల్లో సైన్యం కూడా వచ్చింది. 1864లో ఓరాకౌ కోటను బ్రిటిష్ దళాలు చుట్టుముట్టి, స్త్రీలను, పిల్లలను బయటికి పంపమని కబురు పెట్టినప్పుడు అహుమై తె పయేరతా లేచి, మగవాళ్లు చావవలసి వస్తే స్త్రీలు, పిల్లలు కూడా వారితోనే చస్తారని బదులిచ్చింది. ఆ పోరులో ఆమె తండ్రి, సోదరుడు చనిపోయారు, ఆమె ఒంటినిండా తూటా గాయాలతో బయటపడింది. 1881 నవంబర్ 5న తరనాకి ప్రాంతంలోని పరిహాకా గ్రామం మీదికి సుమారు 1,600 మంది సాయుధులు వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు ఆయుధం పట్టలేదు. పిల్లలు పాటలతో ఎదురొచ్చారు, స్త్రీలు వచ్చినవాళ్ల కోసం రొట్టెలు కాల్చి ఉంచారు. ఆ తర్వాత ఆ ఊళ్లో స్త్రీలపై సైనికులు అత్యాచారాలు చేశారన్న నిజాన్ని ప్రభుత్వం ఒప్పుకొని క్షమాపణ చెప్పడానికి 2017 దాకా పట్టింది.

మన పిల్లలకు అన్నిటికన్నా ముందు చెప్పవలసిన కథ మేరీ తె తై మంగకాహియాది అనుకుంటాను. ఆమెది హోకియాంగా ప్రాంతం, పంగురు దగ్గరి ఊరు, పెద్ద కుటుంబం. ఆక్లాండ్‌లో కాన్వెంట్ చదువు చదివి, పియానో వాయించడం నేర్చుకుంది. దేశ పార్లమెంటు తమ మాట పెడచెవిన పెడుతోందని తెగలన్నీ కలిసి తమకంటూ ఒక పార్లమెంటును, కోతహితంగా పార్లమెంటును, ఏర్పాటు చేసుకున్న రోజులవి. ఆమె భర్త హామియోరా అందులో ముఖ్య నాయకుడు. 1893 మే 18న హేస్టింగ్స్ దగ్గర వైపాతులో సభ జరుగుతుండగా మేరీ లేచి నిలబడి, స్త్రీలకు ఓటు ఇవ్వాలని, అంతటితో ఆగకుండా సభ్యులుగా కూర్చునే హక్కు కూడా ఇవ్వాలని కోరింది. అప్పటికి ఆమెకు ఇంకా 25 ఏళ్లు నిండలేదు.

ఆమె వాదన తీరు చూడండి. స్త్రీలు కూడా మనుషులేనన్న సాధారణ ధర్మం దగ్గర ఆమె ఆగిపోలేదు, నేరుగా భూమి దగ్గరికి వచ్చింది. భర్తలు పోయి భూములు తమ పేరున ఉన్న వితంతువులు ఎందరో ఉన్నారని, తండ్రులు పోయి అన్నదమ్ములు లేని ఆడపిల్లలు ఎందరో ఉన్నారని, భూముల వ్యవహారం భర్తల కన్నా బాగా తెలిసిన భార్యలు ఎందరో ఉన్నారని ఒక్కొక్కటిగా చెప్పింది. భూమి స్త్రీల చేతిలో ఉన్నప్పుడు భూమి గురించి నిర్ణయించే సభలో స్త్రీలు ఎందుకు ఉండకూడదన్నది ఆమె ప్రశ్న. చివరిగా, ఇన్నేళ్లుగా మగ పెద్దలు రాణికి మొరలు పెట్టుకున్నా ఒరిగిందేమీ లేదు కదా, రాణి కూడా స్త్రీయే గనుక స్త్రీల మొర అయినా ఆలకిస్తుందేమో చూద్దామని అంది. వాళ్లు పెట్టిన అర్జీలన్నీ బుట్టదాఖలైన సంగతి అక్కడ కూర్చున్న పెద్దలకు తెలియనిది కాదు, కాదనడానికి వాళ్ల దగ్గర మాట లేకపోయి ఉంటుంది. అయినా నిర్ణయం వెంటనే రాలేదు. అదే సభలో ఆకెనెహి తోమోవానా, మగవాళ్లు చేపట్టిన పని ముందు తేలనివ్వమని సలహా ఇచ్చింది. కోతహితంగా పార్లమెంటులో స్త్రీలకు ఓటు 1897లో వచ్చింది.

మేరీ మాట్లాడిన నాలుగు నెలలకు, 1893 సెప్టెంబర్ 19న, న్యూజిలాండ్ స్త్రీలందరికీ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు హక్కు కల్పించిన చట్టం వచ్చింది. స్త్రీలకు ఓటు ఇచ్చిన తొలి దేశం ఇదని మన మహిళా దినోత్సవ సభల్లో ఏటా గొప్పగా చెప్పుకుంటాం, పది డాలర్ల నోటు మీద ఆ ఓటు ఉద్యమ నాయకురాలు కేట్ షెపర్డ్ బొమ్మను రోజూ చూస్తాం. ఆమె కృషి తక్కువదని నేను అనడం లేదు. కానీ ఆ చట్టం ఇచ్చింది ఓటు మాత్రమే, పార్లమెంటుకు పోటీ చేసే హక్కు స్త్రీలకు 1919 దాకా రాలేదు. మేరీ మొదటి రోజే అడిగింది ఆ రెండో హక్కును కూడా. పైగా ఓటు కోసం పోరాడిన మద్యనిషేధ స్త్రీల సంఘంలో చేరాలంటే మావోరీ స్త్రీలు సంప్రదాయపు పచ్చబొట్టు వేయించుకోబోమని మాట ఇవ్వవలసి వచ్చేది. పక్కన నిలబడటానికి కూడా తమ ముఖం మీది వంశచిహ్నాన్ని వదులుకోమని అడిగారన్నమాట. ఒక మావోరీ స్త్రీ పార్లమెంటు సభ్యురాలు కావడానికి, ఇరియాకా రాతనా గెలవడానికి, 1949 దాకా ఆగవలసి వచ్చింది. క్రైస్ట్‌చర్చ్‌లో ఏవన్ నది ఒడ్డున ఉన్న కేట్ షెపర్డ్ స్మారకంలో మేరీ రూపం కూడా చెక్కి ఉంది. అక్కడి తెలుగు బడి పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకువెళ్లమని నా విన్నపం.

హామిల్టన్ తెలుగువాళ్లు నివసిస్తున్న వైకాతో నేల గురించి కూడా చెప్పాలి. 1860ల యుద్ధం తర్వాత అక్కడ సుమారు 12 లక్షల ఎకరాలు ప్రభుత్వం జప్తు చేసింది. 1917లో మొదటి ప్రపంచ యుద్ధానికి మావోరీలను బలవంతంగా సైన్యంలోకి తీసుకోవాలని నిర్ణయించినప్పుడు ఆ నిర్బంధాన్ని అమలు చేసింది కూడా ఈ భూమి పోగొట్టుకున్న తెగల మీదే. మావోరీ రాజు తావియావో మనవరాలు తె పుయా హేరంగి, భూమి లాక్కున్న రాజ్యం కోసం తమ పిల్లలు ప్రాణాలు ఇవ్వరని నిలబడి, మంగతావిరిలోని తన ఊళ్లో యువకులకు ఆశ్రయమిచ్చింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా వైకాతోను ఊడ్చేసినప్పుడు దిక్కులేని పిల్లలను వంద మంది దాకా చేరదీసింది. వాళ్లకు ఒక నెలవు ఉండాలని, తమ దగ్గర జప్తు చేసిన నేలలోనే కొంత భాగాన్ని డబ్బు పోగుచేసి కొనుక్కొని, ముళ్లపొదలు కొట్టించి న్గారువాహియాలో తూరంగవైవై మరాయే (తెగవాళ్లంతా కూడే సభా ప్రాంగణం) కట్టించింది. జప్తుకు పరిహారం కింద 1946లో ఒప్పుకున్న మొత్తం ఏడాదికి ఆరు వేల పౌండ్లు. కంటితుడుపు తప్ప మరేమీ కాని ఆ మొత్తాన్ని కూడా తన ప్రజల పనికి వాడుకోవడానికే ఆమె ఒప్పుకుంది. హామిల్టన్ నుంచి కారులో పావుగంట, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఆ మరాయే మనలో ఎంతమంది చూశారో ఆలోచించండి.

మేరీ పుట్టిన హోకియాంగాలోనే 1895లో ఫీనా కూపర్ పుట్టింది. ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండని రోజుల్లో, తమ ఊరివాళ్లు పీతలూ చేపలూ పట్టుకునే బురదతీరాన్ని ప్రభుత్వం ఒక రైతుకు లీజుకిచ్చింది. నీళ్లు తోడెయ్యడానికి అతను కాలువలు తవ్విస్తుంటే ఫీనా ఊరివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, తవ్విన కాలువను తవ్వినట్టే పూడ్చిపెట్టింది. అక్రమ ప్రవేశం కేసు పెట్టారు, ఈలోగా లీజు రద్దయింది. 1951లో మావోరీ మహిళా సంక్షేమ సమాఖ్య ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు. 1967లో వచ్చిన చట్టం నలుగురు లేదా అంతకన్నా తక్కువ యజమానులున్న మావోరీ భూములను వాళ్లు అడగకుండానే సాధారణ భూములుగా మార్చేసింది. ఈసారి కూడా చెప్పిన కారణం, అందరికీ ఒకే చట్టం. మావోరీల చేతిలో దేశ భూభాగంలో సుమారు 5 శాతం మాత్రమే మిగిలిన ఆ పరిస్థితిలో, 79 ఏళ్ల ఫీనా 1975 సెప్టెంబర్ 14న ఉత్తర కొసన ఉన్న తె హాపువా నుంచి నడక మొదలుపెట్టింది. మరొక్క ఎకరా కూడా పోనివ్వం అన్నది వాళ్ల నినాదం. మనం రోజూ ఉద్యోగాలకు కార్లలో దాటే ఆక్లాండ్ హార్బర్ బ్రిడ్జి మీదుగా ఆ జనం నడిచి వెళ్లారు. రాత్రికొక మరాయేలో ఆగుతూ, దాదాపు వెయ్యి కిలోమీటర్లు నడిచి, అక్టోబర్ 13న 60,000 సంతకాల అర్జీతో వెల్లింగ్టన్‌లో పార్లమెంటు ముందు నిలిచారు. ఒప్పందం ఉల్లంఘనలను విచారించే వైతాంగి ట్రిబ్యునల్ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఆమె తర్వాతి తరాన్ని క్లుప్తంగానైనా తలచుకోవాలి. యుద్ధకాలంలో విమానాల కోసమని తీసుకున్న తమ పూర్వీకుల నేలను, శ్మశానంతో సహా, గోల్ఫ్ మైదానం చేశారని 1978లో రాగ్లాన్‌లో ఆ మైదానం మీదికే వెళ్లి అరెస్టయిన ఈవా రికార్డ్ చివరికి ఆ భూమి తిరిగి సాధించింది. మావోరీ భాషను బడుల్లో నేర్పాలని 30,000కు పైగా సంతకాలతో హానా తె హేమరా 1972 సెప్టెంబర్ 14న పార్లమెంటుకు అర్జీ ఇచ్చింది. 1984లో ఆక్లాండ్ టెలిఫోన్ ఆపరేటర్ నైడా గ్లేవిష్ ఫోన్ ఎత్తి మావోరీలో "కియా ఓరా" అని పలకరిస్తోందని పైఅధికారి అభ్యంతరం పెట్టి, మానకపోతే ఆ పని నుంచి తప్పిస్తామన్నారు. ఆమె మానలేదు. దేశమంతా దుమారం రేగాక నిబంధనే మార్చుకోవలసి వచ్చింది. పసిపిల్లలకు మావోరీ భాషలోనే అన్నీ నేర్పే కోహంగా రేయో బాలవాడలు 1982లో మొదలై, ఎక్కువగా అమ్మమ్మలు, నాయనమ్మల ఒళ్లో పెరిగాయి. 1987లో మావోరీ అధికార భాష అయింది. ఇవాళ మనం ప్రభుత్వ బడుల గదులు అడిగి తీసుకుని శనివారాల్లో మన పిల్లలచేత అఆలు దిద్దిస్తున్నామంటే, ఇంట్లో మాట్లాడే భాషకు బడిలో చోటుండాలన్న మాట ఈ దేశంలో చెల్లేలా చేసింది వాళ్లే.

వాళ్లు తమలో తాము కూడా నిలదీసుకున్నారు, పాలకుల్ని కూడా వదల్లేదు. 1993లో చేపల వేట హక్కులకు సంబంధించిన కమిషన్ నియామకాల్లో మీరా సాసీ పేరు తొలగించినప్పుడు, ఫీనా కూపర్‌తో సహా పలువురు మావోరీ మహిళా నాయకులు వైతాంగి ట్రిబ్యునల్ ముందు దావా వేశారు. స్త్రీలను పక్కన పెట్టడం మా ఆచారం కాదు, అది మీ పాలన తెచ్చిపెట్టినది, ఒప్పందం ప్రకారం దానికి బాధ్యత మీదే అన్నది ఆ దావా సారాంశం. దాని మీద విచారణ ప్రారంభిస్తున్నట్టు ట్రిబ్యునల్ ప్రకటించింది 2018లో. పాతికేళ్ల ఆలస్యం. దావా వేసినవారిలో ఫీనా మరుసటి ఏడాదే కన్నుమూసింది.

ఆక్లాండ్ విమానాశ్రయం ఉన్న మాంగెరే పక్కనే ఇహుమాతావో ఉంది. 1863లో జప్తు చేసిన నేల అది. అందులో వందలాది ఇళ్లు కట్టబోతుంటే పానియా న్యూటన్, ఆమె బంధువులు కలిసి అడ్డుకున్నారు. 2019లో ఖాళీ చేయమని నోటీసు వచ్చినప్పుడు వేలాది జనం తరలివచ్చారు. మరుసటి ఏడాది చివరికి ప్రభుత్వమే ఆ భూమిని కొనవలసి వచ్చింది. ఇళ్ల ధరలతో అల్లాడుతున్న మన కుటుంబాల్లో, కొత్త ఇళ్లు ఎందుకు ఆపుతున్నారని విసుక్కున్నవాళ్ల మాటలు నేను విన్నాను. వాళ్ల ఇబ్బంది నిజమైనదే. కానీ ఇళ్లు ఎవరి నేల మీద, ఏ హక్కుతో కడుతున్నారన్న ప్రశ్న దానివల్ల చెల్లిపోదు.

ఇక్కడే నా అసలు ఆందోళన ఉంది. అందరూ సమానమన్న మాట మీద వైతాంగి ఒప్పందం సూత్రాలను కొత్తగా నిర్వచిస్తామంటూ 2024లో బిల్లు వచ్చినప్పుడు, ఆ ఏడాది నవంబర్‌లో సుమారు 42,000 మంది పార్లమెంటు ముందుకు వచ్చారు. అంతకు ముందు సభలోనే యువ సభ్యురాలు హానా-రావితి మైపి-క్లార్క్ బిల్లు ప్రతిని చింపి, మావోరీల సంప్రదాయ నృత్యం హాకా మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్ 10న బిల్లు అనుకూలంగా 11, వ్యతిరేకంగా 112 ఓట్లతో వీగిపోయింది. ఆ నెలల్లో మన వాట్సాప్ బృందాల్లో తిరిగిన మాట ఒక్కటే: అందరూ సమానమన్నప్పుడు అభ్యంతరం ఏమిటి? వలస వచ్చి, రంగును బట్టి, యాసను బట్టి వెనక్కి నెట్టబడిన మనకు సమానత్వం అనే మాట తీయగా వినిపించడం సహజం. అయితే 1865లోనూ 1967లోనూ ఇదే మాట చెప్పి ఏమి చేశారో చూశాక, ఆ మాటను ఎవరు, ఎవరి ముందు, దేనికోసం అంటున్నారో అడగకుండా తల ఊపడం మనకు తగదు. శాశ్వత నివాస హక్కు ఉండి, ఎప్పుడైనా ఒక ఏడాది వరుసగా ఇక్కడ ఉండి ఉంటే పౌరసత్వం లేకుండానే ఓటు వేయనిచ్చే దేశం ఇది. మన మౌనానికి కూడా ఓటంత విలువ ఉంది.

మన సంఘాల్లో ఫిజీ నుంచి వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి. వారి తాతముత్తాతలను 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి చెరకు తోటల గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా ఓడలెక్కించింది ఆ బ్రిటిష్ సామ్రాజ్యమే. పాలకుల కాగితాల మీద మనుషులు, నేలలు ఎలా చేతులు మారతాయో మిగతావారికి వివరించగలిగినవాళ్లు వారు. ఈ పనిలో వారిని ముందు పెట్టుకోవాలని కోరుతున్నాను.

మీ నుంచి నేను అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే ఫిబ్రవరి 6న ఆటలు మానమని అనను. ఆ ఉదయం ఒక గంట ఒప్పందం గురించి తెలుగులో మాట్లాడుకుందాం. పిల్లలకు పైన రాసిన స్త్రీల కథలు చెప్పించండి, వాటిని పాఠాలుగా రాసి పెట్టడానికి నేనూ నావంతు కూర్చుంటాను. ఉగాది సభలకు స్థానిక తెగ పెద్దలను పిలిచేటప్పుడు ప్రారంభంలో ఒక ప్రార్థన చేయించి, ఫోటో దిగి పంపేయడం కాకుండా, వారిలోని స్త్రీలను వేదిక మీద కూర్చోబెట్టి, మాట్లాడటానికి తగినంత సమయం ఇచ్చి, మనం ముందు వరుసల్లో కూర్చుని విందాం. వాళ్ల మరాయేకు వెళ్లవలసి వచ్చినప్పుడు ఆహ్వానం అందాకే, వాళ్ల మర్యాదలు తెలుసుకునే వెళదాం. ఒప్పందానికి సంబంధించిన బిల్లు ఏది వచ్చినా, ఏదో ఒక పక్షం వహించమని కాదు గానీ, బిల్లును పరిశీలించే పార్లమెంటు సెలెక్ట్ కమిటీకి అభిప్రాయాలు ఎలా పంపాలో సభ్యులకు తెలుగులో వివరించే బాధ్యత సంఘాలు తీసుకోవాలి.

ఈ అంశాన్ని మీ తదుపరి కార్యవర్గ సమావేశం ఎజెండాలో చేర్చి, తీసుకున్న నిర్ణయాన్ని సభ్యులందరికీ తెలియజేయవలసిందిగా కోరుతూ,

ఇట్లు,
ఆక్లాండ్‌లో స్థిరపడిన ఒక తెలుగు మహిళ